ఎనిమిదో ఇన్నింగ్స్ చేతిరాత

కార్వర్ ఫెర్రీ, అయోవా
2003 ఏప్రిల్ 6, ఆదివారం

వెర్నా,

మీ ఎడారిలో అప్పుడే ఎండలు మొదలయ్యాయా? ఇక్కడ నిన్న మంచు పడింది. ఏప్రిల్లో మంచు పడితే ఆ ఏడాది మా బేస్‌బాల్ జట్టు కబ్స్ గెలుస్తారని కొత్తగా ఒక నమ్మకం పెట్టుకున్నాను. పాత నమ్మకాలేవీ పనిచెయ్యలేదు, దీన్నీ చూద్దాం.

యుద్ధం గురించి నువ్వు రాసిన రెండు పేజీలూ చదివాను. ఒక్క ముక్కా ఒప్పుకోను, అయినా మూడో పేజీ ఉందేమోనని కవరు దులిపి చూశాను. టీవీలో రిటైరైన జనరళ్లు రోజంతా మ్యాపు మీద బాణాలు గీస్తున్నారు. అధ్యక్షుడికి ఓటేసినవాణ్ని నేనే, కానీ ఆ బాణాలు చూస్తుంటే నాకే గుబులుగా ఉంది. ఈ మాట మీ పార్టీ వాళ్ల చెవిన వెయ్యకు, పండగ చేసుకుంటారు.

ఇక్కడి రాజకీయం ఏమిటంటే, ఏటి ఒడ్డున మన పాత బాల్‌పార్కు కూల్చడానికి కౌన్సిల్ ఓటేసింది. ఐదుగురు అటు, ఇద్దరు ఇటు. కూల్చడమే మేలని పత్రికకి నేనూ ఒక ఉత్తరం రాశాను. కటింగు పెడుతున్నాను. ఆ చెక్క గ్యాలరీ నిండా చెదలు. ఏ ఏడాదో వందమందితో కలిసి ఏట్లోకి పోతుంది.

అక్కడ మన ఊరి జట్టు రివర్‌మెన్ ఆఖరి ఆట ఆగస్టు 24న. ఆ రోజు స్కోరరు గది మీద నాన్న పేరుతో ఉన్న ‘ఎమిల్ హెస్’ బోర్డు ఊడదీసి కుటుంబంలో ఒకరికి ఇస్తారట. నన్ను రమ్మన్నారు. నేను రానన్నాను. నీకు కావాలంటే పోస్టులో పంపమని చెబుతాను.

ఫోన్ చెయ్యకు. నాకు వినపడదు, నువ్వు అరిస్తే పక్కింటివాళ్లకి మన రాజకీయాలన్నీ తెలుస్తాయి.

నీ అన్న,
గస్

---

టూసాన్, అరిజోనా
2003 ఏప్రిల్ 20, ఈస్టర్

అన్నయ్యా,

కటింగు చదివాను. ‘మన ఊరు ముందుకు నడవాలి’ అని రాశావు. నలభై ఏళ్లుగా ఒకే బార్బరు, ఒకే కుర్చీ, ఒకే క్రాఫు. నువ్వా ముందుకి నడిచే మాటలు చెప్పేది? చెదలు గ్యాలరీలో ఉన్నాయో నీ మనసులో ఉన్నాయో నాకు తెలుసు.

నాన్న బోర్డు పోస్టులో పంపిస్తానంటావేమిటి? ఆయన ఆ గదిలో ముప్ఫై ఒక్క సీజన్లు కూర్చున్నాడు. పొద్దున్నంతా పోస్టాఫీసులో స్టాంపులు గుద్ది, చొక్కా మార్చుకుని, ఆ ఎముక పిడి చిన్నకత్తితో రెండు పెన్సిళ్లు చెక్కుకుని బయల్దేరేవాడు. ఒకటి రాయడానికి, ఒకటి విరిగితే ఉండాలని. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఒడిలో వేరుశనగ తొక్కలు పోగేసేదాన్ని. నాన్న అనగానే ఇప్పటికీ ముందు ఆ పెన్సిళ్ల దేవదారు చెక్క వాసనే గుర్తొస్తుంది. లొవెల్ పోయి నేను ఒంటరిదాన్నయిన ఈ రెండేళ్లలో ఆ వాసన ఎక్కువగా వస్తోంది, ఎందుకో తెలియదు.

నాన్న స్కోరు పుస్తకాలూ, కత్తీ నా దగ్గరే ఉన్నాయి. లొవెల్ దాచుకున్న బంతి పక్కనే అలమరలో పెట్టుకున్నాను. జూన్ 14న నీకు డెబ్బై నిండుతాయి. టికెట్ కొనేశాను, వస్తున్నాను. 1954 పుస్తకం తెస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. కాదనకు. నీతో కూర్చుని మాట్లాడవలసింది ఒకటుంది.

ఈస్టరుకి పంది తొడ వండాను. ఒక్కదాన్ని ఎంత తింటాను? వారం రోజులు అదే.

ప్రేమతో,
వెర్నా

తా.క. మూడో పేజీ ఇదిగో, వెనక ఉంది. మీ అధ్యక్షుడి గురించే.

---

కార్వర్ ఫెర్రీ
2003 మే 4

వెర్నా,

మూడో పేజీ చదివి రెండు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. నువ్వు పదిహేను వందల మైళ్ల అవతల ఉన్నావని తర్వాత గుర్తొచ్చింది.

రా. మంచిదే. రూబార్బ్ ‘పై’, ఆ పుల్లపుల్లని తీపి రొట్టె, చేయిస్తాను. కానీ ఆ పుస్తకం తేవద్దు. నాకు చూడాలని లేదు.

నీకు అన్నీ తెలుసు, అయినా నా నోట ఒకసారి విను. 1954 ఆగస్టు 15. ఎనిమిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔటు. బంతి విసిరేది లొవెల్, అప్పటిదాకా అవతలివాళ్లకి ఒక్క హిట్ ఇవ్వలేదు, ఆట చివరిదాకా అలాగే నిలిస్తే నో-హిట్టర్. నేను షార్ట్‌స్టాప్, రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య. బంతి నా ఎడమవైపు నేలబారుగా దూసుకొచ్చింది. పరిగెత్తాను, దూకాను, గ్లవ్ అంచుకి తగిలి అవతలికి దొర్లిపోయింది. అది నాకు అందని బంతి అయితే కొట్టినవాడికి హిట్, లొవెల్ నో-హిట్టర్ గోవిందా. అందవలసిన బంతిని నేను జారవిడిస్తే నాకు ఎర్రర్, లొవెల్ నో-హిట్టర్ పదిలం. ఆ తీర్పు అంపైర్ది కాదు. పైన గదిలో కూర్చున్న స్కోరర్ది. స్కోరరు మన నాన్న. ఎర్రర్ అని రాశాడు.

లొవెల్‌ని భుజాల మీద ఊరేగించారు. మర్నాడు పేపర్లో ‘హెస్ జారవిడిచినా చరిత్ర జారలేదు’ అని వేశారు. ఇరవై ఏళ్లపాటు ఈ ఊళ్లో ఏ హోటల్లో ఏ ప్లేటు అందుకున్నా, ‘గస్, జాగ్రత్తరోయ్’ అనేవాళ్లు.

తీర్పు మార్చుకోవడానికి స్కోరరుకి ఇరవైనాలుగు గంటలు గడువుంటుంది. ఆ రాత్రి వంటింట్లో అడిగాను. ‘మార్చు నాన్నా’ అన్నాను. ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ, ‘రాసింది రాసినట్టే ఉంటుంది గస్’ అన్నాడు. అంతే. ఆ వారమే ఏట్లో సరుకులు మోసే బార్జీల మీద పనికి పోయాను. ఆయన పోయేదాకా ఇరవై రెండేళ్లు, ‘ఉప్పు అందుకో’, ‘వాన వచ్చేలా ఉంది’, ఈ రెండు ముక్కలే మా ఇద్దరికీ.

ఆ బోర్డు నేనెందుకు పట్టుకోవాలి?

విమానానికి రెండు గంటలు ముందే వెళ్లు. ఇప్పుడు బూట్లు విప్పమంటారు, నీ సాక్సుకి చిల్లుల్లేకుండా చూసుకో. అల్లిక సూదులు తేవద్దు. ముసలమ్మల సూదుల వల్ల దేశానికి ముప్పుందని మన ప్రభుత్వం కనిపెట్టినట్టుంది. మా పార్టీయే పెట్టిన రూలు, అయినా అంటున్నాను.

గస్

---

టూసాన్
2003 జూన్ 15

అన్నయ్యా,

పుట్టినరోజు శుభాకాంక్షలు, ఒక రోజు ఆలస్యంగా.

నిన్న నువ్వు ఎయిర్‌పోర్టులో ఎదురుచూశావని తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటోంది. తనిఖీ దగ్గర సంచి తెరిచారు. చేతిసంచిలో నాన్న చిన్నకత్తి ఉండిపోయింది, మర్చిపోయాను. దాంతో ఆలస్యమైంది, విమానం వెళ్లిపోయింది. టికెట్ డబ్బు తిరిగి రాదట.

ఇప్పుడు ఎక్కువ రాయలేను. తల నొప్పిగా ఉంది. పై మొత్తం ఒక్కడివే తినకు.

వెర్నా

---

కార్వర్ ఫెర్రీ
2003 జూన్ 20

వెర్నా,

అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాను. పై పెట్టె ఒళ్లో పెట్టుకుని మొలీన్ ఎయిర్‌పోర్టులో మూడున్నర గంటలు కూర్చున్నాను. ప్రతి తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. ఎవరో పిల్ల ‘తాతా, ఆ పై అమ్ముతున్నావా?’ అని అడిగింది.

అరవై అయిదేళ్ల విధవరాల్ని, పెన్సిలు చెక్కే కత్తి కోసం పట్టుకుని విమానం తప్పించారా! మన నాన్న కత్తి లాక్కున్నారా! ఆ కత్తితో యాపిలుపండు కొయ్యడానికే పది నిమిషాలు పడుతుంది! నేను ఊరుకోలేదు. మన కాంగ్రెస్ సభ్యుడికి రాశాను. అతను మీ పార్టీవాడు, జన్మలో అతనికి ఓటెయ్యలేదు, ఆ మాట కూడా మొదటి లైన్లోనే రాశాను. పేపర్‌కీ రాశాను, వేశారు. బార్బరు షాపులో అందరూ భుజం తట్టారు. ఒక పెద్దాయన కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

ఆ తనిఖీ చేసిన మనిషి పేరు నీకు గుర్తుంటే చెప్పు. కాంగ్రెస్ ఆఫీసువాళ్లు నీకు ఫోన్ చేస్తారు. ఆ మనిషి చేత క్షమాపణ రాయించేదాకా వదలను.

నువ్వు రాలేదని మొదట నాకు వేరే అనుమానం వచ్చింది. పార్కు కూల్చమని రాశానని అలిగావేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను.

నీ పక్షానే,
గస్

---

టూసాన్
2003 జూలై 6

అన్నయ్యా,

గురువారం కాంగ్రెస్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఉద్యోగి పేరు చెప్పమన్నారు. నాకు తెలుసు, జేబు మీద రాసుంది. మిసెస్ ఒలివాస్. తెలియదని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఈ ఉత్తరం చదివాక వాళ్లకి నువ్వే రాయి, ఆవిడ తప్పేమీ లేదని.

జరిగింది ఇది. ఆవిడ కత్తి తీసి, ‘అమ్మా, ఇది లోపలికి పోనివ్వను. వెనక్కి వెళ్లి పెద్ద సంచిలో పెట్టించుకోండి, టైముంది’ అంది. నిజంగానే టైముంది, యాభై నిమిషాలు. తర్వాత స్కోరు పుస్తకం పేజీలు తిప్పింది, మధ్యలో ఏమైనా ఉందేమోనని. తిప్పుతూ ఆగిపోయింది. ఆవిడ ఇరవై ఏళ్లు స్కూలు పిల్లలకి సాఫ్ట్‌బాల్ నేర్పిందట. ‘ఏడో ఇన్నింగ్స్ దాకా ఒక చెయ్యి, తొమ్మిదోది కూడా ఆ చెయ్యే. ఎనిమిదోది మాత్రం ఎవరో ఆడపిల్ల రాసింది. ఎవరండీ? నో-హిట్టర్ కాపాడింది ఈ పిల్లే!’ అంది నవ్వుతూ.

నలభై తొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. బూట్లు చేత్తో పట్టుకుని అక్కడున్న కుర్చీలో కూలబడి ఏడ్చేశాను అన్నయ్యా. ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎవరినైనా పిలవనా అంది. విమానం పిలుపు వినపడింది, నేను లేవలేదు. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది. బూట్లు వేసుకుని, కత్తి పట్టుకుని, ఇంటికొచ్చేశాను. కత్తి ఇక్కడే, చెంచాల సొరుగులో ఉంది.

ఎనిమిదో ఇన్నింగ్స్ నేను రాశాను. నాన్న గదిలో లేడు. హాట్‌డాగుల దుకాణం దగ్గర గవర్నరు పన్నుల గురించి ఎవరో ఏదో అన్నారట, ఆయన వినలేక కిందికి దిగాడు. ‘ఒక్క నిమిషం రాస్తూ ఉండు’ అని పెన్సిలు నా చేతిలో పెట్టాడు. ఆ ఒక్క నిమిషం ఇన్నింగ్స్ అంతా అయింది. రాజకీయం దొరికితే మనవాళ్ల సంగతి నీకు తెలుసుగా.

నాకు పదహారేళ్లు. లొవెల్ అంటే ప్రాణం. అతనికింకా నా పేరు కూడా తెలియదు. నువ్వు దూకావు, బంతి దొర్లిపోయింది. అది హిట్ అన్నయ్యా. పైనుంచి చూశాను, ఏ మనిషికీ అందే బంతి కాదు. నాకు తెలిసే ఎర్రర్ అని రాశాను. స్కోరుబోర్డు వాడు కిటికీలోంచి అరిచి అడిగితే నాన్న మాటగా చెప్పేశాను. నువ్వు ఏమైపోతావని ఒక్క క్షణం ఆలోచించలేదు. లొవెల్ మొహమే చూస్తున్నాను.

నాన్న వచ్చి పేజీ చూసి, ‘బాగా చూశావా?’ అన్నాడు. ‘చూశాను నాన్నా’ అన్నాను. ఆ రాత్రి వంటింట్లో నువ్వు అడిగినప్పుడు నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. నువ్వు విసురుగా వెళ్లిపోయాక ఆయన దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. గడువు ఇంకా ఉంది. ఆయన కాఫీ కప్పు పక్కకి జరిపాడు. ‘గది వదిలి వెళ్లింది నేను. కాబట్టి రాసింది నేనే. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనకు’ అన్నాడు. తన కుర్చీ పోతుందని భయపడుతున్నాడనుకున్నాను. పెళ్లయి, పిల్లల్ని కన్నాక తెలిసింది, ఆయన దాచింది నన్ను. నువ్వు ఆయనతో మాట్లాడకపోవడాన్ని ఇరవై రెండేళ్లు భరించాడు, నాతో నువ్వు మాట్లాడుతూ ఉండాలని.

లొవెల్‌కి ఎన్నడూ చెప్పలేదు. ఆ ఆట బంతిని వారం వారం తుడుచుకునేవాడు. ఈ ఉత్తరంతో అతని దగ్గర్నుంచి ఆ నో-హిట్టర్ కూడా లాక్కుంటున్నాను.

అప్పుడు నాన్న, ఇప్పుడు మిసెస్ ఒలివాస్. నేను చేసినదానికి ఎవరో ఒకరు మాట పడుతూనే ఉన్నారు. ఇక చాలు. నువ్వు తిట్టవలసింది నన్ను. బోర్డు మీద ఉన్న మనిషిని కాదు.

వెర్నా

---

టూసాన్
2003 జూలై 27

అన్నయ్యా,

మూడు వారాలైంది. కోపంగా ఉంటే కోపంగానే రాయి. అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు ఇంత మౌనంగా లేవు.

పుస్తకం, కత్తీ నిన్న పార్సెల్లో పంపాను. పోస్టాఫీసు అమ్మాయి లోపల ప్రమాదకరమైనవేమైనా ఉన్నాయా అని అడిగింది. ఏమని చెప్పను? కత్తి మాత్రం చెప్పాను.

మీ కబ్స్ బాగానే ఆడుతున్నారు. చూస్తున్నావా?

వెర్నా

---

కార్వర్ ఫెర్రీ
2003 ఆగస్టు 10

చెల్లాయ్,

పార్సెల్ అందింది. పది రోజులు బల్ల మీదే ఉంచాను. నిన్న విప్పాను.

ముందు బయటి పనుల సంగతి. కాంగ్రెస్ సభ్యుడికి మళ్లీ రాశాను, మా చెల్లెలు పొరపాటుగా చెప్పింది, ఆ ఉద్యోగి మంచి మనిషని. పేపర్‌కీ రాశాను. బార్బరు షాపులో ఇప్పుడు నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. పెద్దాయన కళ్లనీళ్లు వెనక్కి ఇమ్మంటున్నాడు.

నీ ఉత్తరం చదివి మొదటి వారం నీ మీద మండిపడ్డాను. ఆ వారంలో ఉత్తరం రాసి ఉంటే నువ్వు తట్టుకునేదానివి కాదు. రెండో వారం నవ్వొచ్చింది. మూడో వారం నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, ఈ మాట నేనూ ఎవరికీ చెప్పలేదు.

అది హిట్ కాదు వెర్నా. ఎర్రరే.

సెకండ్ బేస్‌లో మెర్ల్ ఉండేవాడు గుర్తున్నాడా, ఎర్రజుట్టువాడు? ఆ ఇన్నింగ్స్ అంతా వాడూ నేనూ షెరీఫ్ ఎన్నికల గురించి కొట్టుకుంటున్నాం. లొవెల్ బంతి విసిరేటప్పుడు నేను మెర్ల్ వైపు తిరిగి, ‘మీవాడు గెలిస్తే ఊళ్లో కోళ్లు కూడా మిగలవురా’ అంటున్నాను. బ్యాటు చప్పుడు విని తిరిగేసరికి బంతి సగం దూరం వచ్చేసింది. రెండడుగులు ఆలస్యమయ్యాను. పైనుంచి నీకు అందని బంతిలా కనిపించడానికి కారణం అదే. కళ్లు ఆట మీద ఉంటే వంగి తీసుకునేవాణ్ని, మన అమ్మ కూడా తీసుకునేది.

నాకు ఆ క్షణమే తెలుసు. నాన్న తప్పు రాశాడని నాకు ఎప్పుడూ కోపం లేదు. సరిగ్గా రాశాడని కోపం. కన్నకొడుకు కదా, ఒక్కసారి నా కోసం కళ్లు మూసుకోకూడదా అని కోపం. వంటింట్లో మార్చమన్నప్పుడు నేను న్యాయం అడగలేదు, అబద్ధం ఆడమన్నాను. అది ఆయనకి తెలుసని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయన మొహం చూడలేకపోయింది అందుకే. చూడనే లేదట ఆయన. హాట్‌డాగులు తింటూ గవర్నర్ని వెనకేసుకొస్తున్నాడట! ఇరవై రెండేళ్లు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం. ఒక్కసారి నోరు తెరిస్తే ఇద్దరం పొట్ట పగిలేలా నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు పోయింది వెర్నా. దానికే ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం నాన్న గవర్నరు దగ్గర, నేను షెరీఫ్ దగ్గర. మన ఇంట్లో ఆ బంతిని చూసింది నువ్వొక్కదానివే. పిల్లాడి మీద కన్నేసి రాశావు, అయినా సరిగ్గానే రాశావు. నిన్ను ఓదార్చడానికి అంటున్నానని అనుకుంటావు. నిన్ను నేనెప్పుడైనా ఓదార్చానా? మెర్ల్ ఇంకా బతికే ఉన్నాడు, వృద్ధాశ్రమంలో. మొన్న వెళ్లి అడిగాను. నన్ను గుర్తుపట్టలేదు. కోళ్ల మాట అనగానే, ‘షెరీఫ్ మా వాడేరా గెలిచింది’ అని లేచి కూర్చున్నాడు.

లొవెల్ బంతి అలమరలోంచి తియ్యకు. అది అతనిదే.

ఎనిమిదో ఇన్నింగ్స్ పేజీ చూశాను. గుండ్రటి అక్షరాలు, నొక్కి నొక్కి రాశావు. ఒక్కసారి ఈ పుస్తకం తెరిచి ఉంటే నాకు అప్పుడే తెలిసేది. తెరవలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

24న బోర్డు నేనే అందుకుంటున్నాను, చెప్పేశాను. అది బరువుగా ఉంటుంది, ఒక చివర నువ్వు పట్టుకోవాలి. స్కోరరు గది ఆ రోజు మనకి ఇస్తారు. నాన్న కుర్చీలో నువ్వు కూర్చో, స్టూలు నాకు. రాజకీయం మాట్లాడితే తొమ్మిదో ఇన్నింగ్స్ తర్వాతే.

తనిఖీ దగ్గర మిసెస్ ఒలివాస్ కనిపిస్తే నా తరఫున క్షమాపణ చెప్పు. చేతిసంచిలో ఏమీ పెట్టుకోకు. పెన్సిళ్లు కూడా తేవద్దు. నాన్న కత్తితో రెండు చెక్కి ఉంచాను.

గస్